రోబో ఫైట్‌లో గెలిపించేది బ్లేడా.. బ్యాటరీనా? మూడు నిమిషాల యుద్ధం వెనుక అసలు లెక్క ఇదీ!

రింగ్‌లో రెండు రోబోలు ఢీ అంటే ఢీ అంటుంటే చూసేవాళ్ల కళ్లన్నీ గిర్రున తిరిగే బ్లేడు మీదే ఉంటాయి. నిప్పురవ్వలు లేస్తే ఈలలు, ఓ రోబో గాల్లోకి ఎగిరి పడితే చప్పట్లు. కానీ ఆ బ్లేడు తిరగాలన్నా, చక్రాలు కదలాలన్నా లోపల ఫోమ్‌లో చుట్టి దాచిన ఓ బ్యాటరీ ప్యాక్ పనిచేయాలి. అది చేతులెత్తేస్తే నెలల తరబడి కష్టపడి చేసిన మెషీన్ కాస్తా ఇనుప ముక్క అయిపోతుంది. చేతులెత్తేస్తే ఓటమి మాత్రమే.. అదే అంటుకుంటే? ఇంజినీరింగ్ కాలేజీల్లో రోబో ఫైట్ల క్రేజ్ పెరిగేకొద్దీ ఈ ప్రశ్న కూడా పెద్దదవుతోంది.

నిజానికి ఈ ఆట కొత్తేమీ కాదు. బ్రిటన్‌లో బీబీసీ 1998లోనే ‘రోబోట్ వార్స్’ను టీవీలోకి తెచ్చింది. అమెరికాలో 2000లో ‘బ్యాటిల్‌బాట్స్’ మొదలైంది. కొన్నాళ్లు ఆగిపోయి, 2015లో మళ్లీ తెర మీదకొచ్చింది. అక్కడ హెవీ వెయిట్ అంటే 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోలు. మన దేశంలో ఐఐటీ బాంబే టెక్‌ఫెస్ట్‌లో రోబోవార్స్ అంటే స్టూడెంట్స్‌లో ఉండే ఊపే వేరు. 8 కిలోలు, 15 కిలోలు, 60 కిలోలు.. ఇలా కేటగిరీల వారీగా కొట్టుకుంటాయి. ఇక 2025 మే నెలలో చైనాలోని హాంగ్‌జౌలో మనిషి ఆకారపు రోబోలకు బాక్సింగ్ పెట్టి, ఏకంగా ప్రభుత్వ టీవీలో లైవ్ ఇచ్చారు. యూనిట్రీ కంపెనీ తయారుచేసిన జీ1 రోబోలవి.

ఇక్కడే ఒక తేడా ఉంది. హాంగ్‌జౌలో కొట్టుకున్న రోబోకు బ్యాటరీ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. దాన్ని డిజైన్ చేసింది కంపెనీ, టెస్ట్ చేసింది కంపెనీ. మన కాలేజీ కుర్రాళ్ల రోబోకు ఆ సీన్ లేదు. ఏ సెల్ కొనాలి, ఎన్ని కలపాలి, ఎలా అతికించాలి, ఎక్కడ దాచాలి.. అన్నీ వాళ్లే తేల్చుకోవాలి. సీనియర్ చెప్పిందే సిలబస్.

లెక్క ఎక్కడ మొదలవుతుంది?

చాలా పోటీల్లో ఒక మ్యాచ్ మూడు నిమిషాలు. సో, ప్యాక్ గంటలు గంటలు నడవాల్సిన పనిలేదు. మూడు నిమిషాలు చాలు. కానీ ఆ మూడు నిమిషాల్లో అడిగినంత కరెంటు, అడిగిన క్షణంలోనే ఇవ్వాలి. ఈ-స్కూటర్ బ్యాటరీకీ, ఫైటింగ్ రోబో బ్యాటరీకీ మొదటి తేడా ఇదే.

ఉదాహరణకు ఒక 15 కిలోల రోబో మ్యాచ్ మొత్తం మీద సగటున 80 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. మూడు నిమిషాలంటే గంటలో ఇరవయ్యో వంతు. 80ని 20తో భాగిస్తే 4 ఆంపియర్ అవర్లు. అలాగని 4 ఆంపియర్ అవర్ల ప్యాక్ కొంటే పప్పులో కాలేసినట్టే. లిథియం పాలిమర్, అంటే అందరూ లైపో అని పిలిచే బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే పాడైపోతుంది. 80 శాతం దగ్గర ఆపాలన్నది రోబో బిల్డర్ల లెక్క. అంటే 5 ఆంపియర్ అవర్లు, లేదా 5,000 ఎంఏహెచ్ ప్యాక్ కావాలి.

వోల్టేజీ సంగతేంటి? ఒక్కో లైపో సెల్ సగటు వోల్టేజీ 3.7. ఫుల్ చార్జ్‌లో 4.2. ఆరు సెల్స్‌ను వరుసగా కలిపితే దాన్నే 6ఎస్ అంటారు. సగటున 22.2 వోల్టులు, ఫుల్ చార్జ్‌లో 25.2 వోల్టులు వస్తాయి. పోటీ రూల్స్‌లో వోల్టేజీకి లిమిట్ పెడితే అది సగటు వోల్టేజీకా, ఫుల్ చార్జ్ వోల్టేజీకా అన్నది ముందే చూసుకోవాలి. రోబో అంతా రెడీ అయ్యాక ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర మల్టీమీటర్ పెట్టినప్పుడు తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఇదంతా సగటు లెక్క. అసలు కథ బ్లేడు ఎదుటి రోబోలో ఇరుక్కున్నప్పుడు మొదలవుతుంది. ఆగిపోయిన మోటార్ ఒక్కసారిగా 200 ఆంపియర్ల దాకా లాగొచ్చు. ఏ బ్యాటరీకైనా లోపల కొంత నిరోధం ఉంటుంది. ఆరు సెల్స్‌కు కలిపి 15 మిల్లీ ఓమ్‌లు ఉందనుకుంటే, 200 ఆంపియర్ల దగ్గర 3 వోల్టులు అక్కడే పడిపోతాయి. 600 వాట్లు వేడిగా మారతాయి. ఇంట్లో మిక్సీ తీసుకునే కరెంటు దాదాపు అంతే. కాకపోతే మిక్సీలో అది పచ్చడి రుబ్బుతుంది.. ఇక్కడ ప్యాక్‌ను లోపలి నుంచి ఉడికిస్తుంది. మ్యాచ్ అయ్యాక ప్యాక్ ఉబ్బి బయటకొస్తోందంటే కారణం చాలావరకు ఇదే.

లేబుల్ చెప్పేది నిజమేనా?

లైపో ప్యాక్ మీద 50సీ, 75సీ, 100సీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దీన్నే సీ రేటింగ్ అంటారు. 5 ఆంపియర్ అవర్ల ప్యాక్ మీద 75సీ అని ఉంటే, 5ను 75తో గుణించి 375 ఆంపియర్లు ఆగకుండా ఇస్తుందని అర్థం. వినడానికి బాగానే ఉంది. మరి అదే ప్యాక్‌కు కంపెనీ ఇచ్చిన కనెక్టర్ చూడండి. చాలా వాటికి ఎక్స్‌టీ90 ఉంటుంది. పేరులోనే ఉంది, అది 90 ఆంపియర్లకు రేట్ చేసిన కనెక్టర్. కనెక్టరే 90 అంటుంటే ప్యాక్ 375 ఆంపియర్లు ఆగకుండా ఎలా ఇస్తుంది? కొన్ని సెకన్ల పాటు ఎక్కువ లాగొచ్చు, అది వేరే విషయం. లేబుల్ మీది నంబర్‌ను సగానికి కోసి లెక్కేసుకోవడమే తెలివైన పని. అంతకంటే మంచి దారి, సెల్స్ లోపలి నిరోధాన్ని చూపించే చార్జర్‌తో ప్రతి సెల్‌ను కొలిచి రాసిపెట్టుకోవడం. ఆరింటిలో ఒకటి మిగతావాటికి రెట్టింపు చూపిస్తోందంటే ఆ ప్యాక్ రింగ్‌లోకి వెళ్లకూడదు.

సిలిండర్ ఆకారంలో ఉండే సెల్స్ విషయంలో మోసం ఇంకా ఓపెన్‌గా జరుగుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా 18650 సెల్స్ రకరకాల ధరల్లో దొరుకుతాయి. 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉన్న 18650 ఎక్కడైనా కనిపిస్తే కొనక్కర్లేదు, నవ్వుకుని పక్కకు రావొచ్చు. ఎందుకంటే పేరున్న కంపెనీలు ఈ సైజులో ఏళ్ల తరబడి అమ్మిన మంచి సెల్స్‌లో ఉండేది 3,500 ఎంఏహెచ్ దరిదాపుల్లోనే. ఒరిజినల్ సెల్ బరువు 45 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. చేతిలో తేలిగ్గా అనిపిస్తే లోపల సరుకు లేనట్టే.

లైపోనా.. సిలిండర్ సెల్సా?

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఈ ఆట మొదట్లో సీల్డ్ లెడ్ యాసిడ్, నికెల్ కాడ్మియం బ్యాటరీలతోనే నడిచింది. బరువులో పెద్ద వాటా బ్యాటరీకే పోయేది. 2006 ప్రాంతంలో డివాల్ట్ కంపెనీ 36 వోల్టుల డ్రిల్లింగ్ మెషీన్ల ప్యాక్‌లో ఏ123 కంపెనీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ వాడింది. అమెరికాలో హాబీయిస్టులు ఆ ప్యాక్‌లు కొని, పగలగొట్టి, లోపలి సెల్స్ తీసుకుని సొంత ప్యాక్‌లు కట్టుకున్నారు. ఒక్కో సెల్ 2.3 ఆంపియర్ అవర్లే. కానీ 70 ఆంపియర్లు ఆగకుండా ఇచ్చేది. పైగా తొందరగా అంటుకునే రకం కాదు. ఇప్పటికీ భద్రత విషయంలో ఐరన్ ఫాస్ఫేట్‌దే పైచేయి. మైనస్ ఏంటంటే, ఒక్కో సెల్‌కు 3.2 వోల్టులే. అదే శక్తికి ఎక్కువ బరువు మోయాలి. గ్రాముల దగ్గర కొట్టుకునే ఆటలో అది పెద్ద లోటే.

ఇప్పుడొస్తున్న 21700 సెల్స్ సంగతి చూద్దాం. మోలిసెల్ పీ42ఏ అనే సెల్ 4.2 ఆంపియర్ అవర్లు, 45 ఆంపియర్లు ఇస్తుంది, బరువు 70 గ్రాములు. ఆరు వరుసలో, రెండేసి జంటగా కలిపితే 12 సెల్స్. బరువు 840 గ్రాములు, కెపాసిటీ 8.4 ఆంపియర్ అవర్లు, కరెంటు 90 ఆంపియర్లు. శక్తి బాగా ఎక్కువ, కానీ 200 ఆంపియర్ల దెబ్బకు మాత్రం నిలబడలేదు. బరువులో దాదాపు ఇంతే ఉండే 5,000 ఎంఏహెచ్ లైపో ఆ దెబ్బను కాసేపు తట్టుకుంటుంది. బ్లేడు రోబోకు లైపో, నెట్టుకుంటూ పోయే వెడ్జ్ రోబోకు సిలిండర్ సెల్స్ అనుకుంటే పెద్దగా తప్పు కాదు.

సిలిండర్ సెల్స్‌తో ప్యాక్ కట్టాలంటే పనితనం కావాలి. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ పెడితే ఆ వేడికి లోపలి సీల్ దెబ్బతింటుంది. అందుకే స్పాట్ వెల్డింగ్ చేస్తారు. మార్కెట్లో నికెల్ స్ట్రిప్ అని అమ్మేదాంట్లో చాలావరకు ఇనుము మీద నికెల్ పూతే. కాస్త గీకి, ఉప్పు నీళ్లలో ఒక రోజు పడేస్తే తుప్పు పట్టి అసలు రంగు బయటపడుతుంది. ఒరిజినల్ నికెలే అయినా పల్చటి స్ట్రిప్ ఒక్కటి 90 ఆంపియర్లు మోయలేదు. దాని పక్కన రాగి పట్టీ వేయాల్సిందే. ఇంత చేశాక రింగ్‌లో ఒక్క దెబ్బకు వెల్డ్ ఊడిపోతే? సెల్స్ కదలకుండా హోల్డర్‌లో బిగించి, బయటకొచ్చే వైర్లు మాత్రం మెత్తటి సిలికాన్ వైర్లు వాడాలి. ప్యాక్ బిగుతుగా, వైరు వదులుగా ఉండాలన్నమాట. కొత్తవాళ్లు సరిగ్గా దీన్నే తిరగేసి చేస్తుంటారు.

రక్షణ వ్యవస్థను కావాలనే తీసేస్తారు!

బయటివాళ్లకు వింతగా అనిపించే పాయింట్ ఇది. ఈ-స్కూటర్ బ్యాటరీలో బీఎంఎస్ ఉంటుంది. అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. కరెంటు ఎక్కువైనా, వేడి పెరిగినా, వోల్టేజీ పడిపోయినా సప్లై కట్ చేస్తుంది. ఫైటింగ్ రోబోలో సాధారణంగా దీన్ని పెట్టరు. ఎందుకంటే బ్లేడు ఇరుక్కుని 200 ఆంపియర్లు లాగగానే బీఎంఎస్ కట్ చేస్తే రోబో కదలకుండా నిలబడిపోతుంది. పది సెకన్ల కౌంట్ పూర్తయితే ఓటమి. మోటార్ కంట్రోలర్లలో ఉండే లో వోల్టేజ్ కటాఫ్‌ను కూడా చాలామంది ఆఫ్ చేస్తారు. బ్యాటరీ పోతే పోయింది, మ్యాచ్ గెలిస్తే చాలు అన్నది లాజిక్.

గెలవడం కోసం వచ్చిన వాళ్ల వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ ఎలక్ట్రానిక్స్ చేయాల్సిన కాపలా పనిని ఇప్పుడు డబ్బా, ఫోమ్, మనిషి చేయాలి. అందుకే ప్యాక్‌ను రోబో మధ్యలో, బ్లేడుకు దూరంగా పెట్టాలి. చుట్టూ ఫోమ్, దాని చుట్టూ పాలీకార్బొనేట్ లేదా హెచ్‌డీపీఈ డబ్బా ఉండాలి. ఏ స్క్రూ మొన కూడా ప్యాక్ వైపు చూడకూడదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది. కానీ ఫ్రేమ్ వంగినప్పుడు లోపలికి దిగేది ఎదుటి రోబో బ్లేడు కాకపోవచ్చు.. సొంత స్క్రూనే కావచ్చు. పవర్ లింక్ బయటి నుంచి చేత్తో లాగేయడానికి వీలుగా ఉండాలి. వైర్లు రేకు రంధ్రాల్లోంచి వెళ్లేచోట రబ్బర్ గ్రొమెట్ లేకపోతే ఇన్సులేషన్ కోసుకుపోతుంది. అక్కడే షార్ట్ సర్క్యూట్!

సెల్‌కు గాయమైతే ఏమవుతుంది? ప్లస్, మైనస్ పొరల మధ్య పల్చటి ప్లాస్టిక్ తెర ఉంటుంది. పాలిథిన్ రకమైతే సుమారు 130 డిగ్రీల దగ్గర అది కరిగిపోతుంది. ఆ తర్వాత వేడి తనంతట తానే పెరుగుతూ పోతుంది. పక్క సెల్‌ను కూడా లాగేస్తుంది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటున్నారు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విష వాయువులుంటాయి. డ్రై పౌడర్ కొడితే మంట తగ్గినట్టే ఉంటుంది కానీ సెల్ చల్లబడదు, కాసేపటికి మళ్లీ అంటుకుంటుంది. లిథియం అయాన్ మంటకు నీళ్లు పోయకూడదన్న ప్రచారం ఇంకా తిరుగుతోంది. నిజానికి సెల్స్‌ను చల్లబరచడానికి ఫైర్ సిబ్బంది వాడేది ధారాళంగా నీళ్లే.

తెలుగు రాష్ట్రాలకు ఈ మంట కొత్త కాదు

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఏం జరిగిందో ఎవరూ మర్చిపోలేదు. కింద ఎలక్ట్రిక్ బైక్‌ల షోరూమ్, పైన హోటల్. కింద మొదలైన మంటల పొగ పైకి కమ్మేసి 8 మంది చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఉన్న ఈ-స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే కేంద్రం ఈవీ బ్యాటరీల భద్రతా ప్రమాణం ఏఐఎస్-156ను కఠినం చేసింది. మొదటి దశ 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి.

మరి రోబో ప్యాక్? రోడ్డెక్కే బండి కాదు కాబట్టి ఏఐఎస్-156 దానికి వర్తించదు. షాపులో అమ్మే వస్తువు కాదు కాబట్టి సొంతంగా కట్టుకున్న ప్యాక్‌ను ఎవరూ సర్టిఫై చేయరు. మిగిలింది పోటీ నిర్వాహకుల రూల్ బుక్, కాలేజీ ల్యాబ్. రూల్ బుక్ పోటీ జరిగే రెండు మూడు రోజులు చూసుకుంటుంది. మిగతా ఏడాదంతా ఆ ప్యాక్ ఎక్కడుంటుంది? హాస్టల్ రూమ్‌లో, మంచం కింద, బట్టల బీరువాలో ఉంటే అడిగేవాళ్లెవరు? ప్రమాదం రింగ్‌లో ఉందని అందరూ అనుకుంటారు. రింగ్ చుట్టూ పాలీకార్బొనేట్ గోడ ఉంటుంది, పక్కనే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంటుంది. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకున్న రూమ్‌లో ఆ రెండూ ఉండవు.

కాలేజీ చేయాల్సింది కోట్ల ఖర్చు కాదు. కిటికీ ఉన్న ఒక గది, సిమెంట్ లేదా రాతి బల్ల, మూతున్న ఇనుప పెట్టె, పక్కన నీళ్ల సదుపాయం, గోడ మీద ఒక రిజిస్టర్. ఏ ప్యాక్ ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు చార్జ్ పెట్టారు, సెల్ వోల్టేజీలు ఎంత.. రాస్తే చాలు. చార్జింగ్ ఎప్పుడూ బ్యాలెన్స్ మోడ్‌లోనే పెట్టాలి. 5 ఆంపియర్ అవర్ల ప్యాక్‌కు 5 ఆంపియర్లకు మించకూడదు. వారం పైన వాడకపోతే ఒక్కో సెల్‌ను 3.8 వోల్టుల దగ్గర ఆపి పెట్టాలి. రింగ్ నుంచి వేడిగా వచ్చిన ప్యాక్‌ను వెంటనే చార్జింగ్‌కు పెట్టొద్దు. మ్యాచ్‌ల మధ్య గ్యాప్ తక్కువ కాబట్టి రెండు మూడు సెట్లు ఉంచుకోవడం తప్ప దీనికి షార్ట్‌కట్ లేదు. ప్రైజ్ మనీ చెక్కుతో ఫొటోలు దిగే మేనేజ్‌మెంట్లు ఆ ఒక్క గది ఇవ్వడానికి ఎందుకు వెనకాడతాయో వాళ్లే చెప్పాలి.

విమానం ఎక్కాలంటే మరో లెక్క

హైదరాబాద్ నుంచో, వైజాగ్ నుంచో ముంబై పోటీకి విమానంలో వెళ్దామనుకుంటే ఇంకో తలనొప్పి. విమానాల్లో లిథియం బ్యాటరీని వాట్ అవర్లలో కొలుస్తారు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వస్తుంది. 100 వాట్ అవర్ల వరకు విడి బ్యాటరీలను చేతి సంచిలో తీసుకెళ్లొచ్చు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అది కూడా రెండే. 160 దాటితే ప్రయాణికుడి వెంట నో ఎంట్రీ. చెక్-ఇన్ లగేజీలో విడి బ్యాటరీలు అసలు పెట్టకూడదు.

మన 6ఎస్ 5,000 ఎంఏహెచ్ ప్యాక్‌ను లెక్కేస్తే 111 వాట్ అవర్లు. అంటే పర్మిషన్ కేటగిరీ! అందుకే తెలిసినవాళ్లు 3,000 ఎంఏహెచ్ ప్యాక్‌లు రెండు తీసుకుంటారు. ఒక్కోటి 66.6 వాట్ అవర్లే, రింగ్‌లో రెండూ సమాంతరంగా కలిపితే 6 ఆంపియర్ అవర్లు. ఇక్కడో జాగ్రత్త.. ఒకటి ఫుల్, ఇంకోటి సగం ఉన్నప్పుడు కలిపితే ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి కరెంటు వరదలా దూకుతుంది. రెండింటి వోల్టేజీ సమానంగా ఉన్నాకే కలపాలి. 60 కిలోల రోబో టీమ్‌కు మాత్రం ఈ చిట్కా కూడా సరిపోదు. వాళ్లకు 400 వాట్ అవర్ల పైనే అవసరం పడొచ్చు.

విమానయాన సంస్థలు ఇంత కఠినంగా ఉండటానికి కారణం లేకపోలేదు. 2010 సెప్టెంబర్‌లో దుబాయ్ దగ్గర లిథియం బ్యాటరీలున్న సరుకుతో వెళ్తున్న కార్గో విమానం మంటల్లో కూలి ఇద్దరు సిబ్బంది చనిపోయారు. 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా కార్గోగా పంపడమే నిషేధం. విదేశం నుంచి ఆర్డర్ చేసిన లైపో ఓ పట్టాన రాకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

చైనా ఫ్యాక్టర్

హాబీ లైపోల్లో అత్యధికం చైనాలో తయారయ్యేవే. 2025 అక్టోబర్‌లో చైనా కిలోకు 300 వాట్ అవర్లు, ఆపైన సాంద్రత ఉన్న లిథియం బ్యాటరీల ఎగుమతికి లైసెన్స్ తప్పనిసరి అంది. తర్వాత నవంబర్‌లో దాన్ని ఏడాది పాటు పక్కన పెట్టింది. మామూలు రోబో లైపోలు ఆ గీతకు చాలా కిందే ఉంటాయి కాబట్టి నేరుగా దెబ్బ పడదు. కానీ సరఫరా తాళం ఎవరి చేతిలో ఉందో అర్థమైపోయింది కదా!

కేంద్రం 2021లో రూ.18,100 కోట్లతో అడ్వాన్స్‌డ్ సెల్స్‌కు పీఎల్‌ఐ స్కీమ్ ప్రకటించింది. తెలంగాణలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి దగ్గర అమరరాజా గిగా కారిడార్‌కు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో రూ.9,500 కోట్ల పెట్టుబడి లక్ష్యం. ఈ ఫ్యాక్టరీల గురి ఈవీలు, స్టోరేజ్ మీద. ఫైటింగ్ రోబోలకు కావాల్సిన హై డిశ్చార్జ్ పౌచ్ సెల్ వాటి లిస్ట్‌లో ముందు వరుసలో ఉంటుందని ఆశించడం అత్యాశే.

అయితే ప్యాక్ కట్టడం తెలిసిన చేతులకు మాత్రం డిమాండ్ ఉంది. పొలాల్లో మందు కొట్టే డ్రోన్ నడిచేది కూడా లిథియం ప్యాక్‌తోనే. ఉక్రెయిన్ యుద్ధంలో ఎఫ్‌పీవీ డ్రోన్లకు 21700 సెల్స్‌ను ఆరేసి వరుసగా కలిపి ప్యాక్‌లు కడుతున్నారు. రోబోవార్స్ కుర్రాడు ల్యాబ్‌లో నేర్చుకునేది అచ్చంగా ఆ పనే.

ఇక చివరగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఉబ్బిపోయిన, బ్లేడు దెబ్బ తిన్న పాత ప్యాక్‌లు. దెబ్బ తగిలిన సెల్ వెంటనే అంటుకోకపోయినా గంటల తర్వాత అంటుకోవచ్చు. అందుకే మ్యాచ్ అయ్యాక అలాంటి ప్యాక్‌ను ఆరుబయట, ఇసుక పోసిన ఇనుప బకెట్‌లో పెట్టి గమనించాలి. చెత్త బండిలో వేయడం ప్రమాదమే కాదు, రూల్స్‌కు కూడా విరుద్ధం. 2022 బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం పాత బ్యాటరీలను మామూలు చెత్తలో కలపకుండా విడిగా ఉంచి, రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు లేదా సేకరణ కేంద్రానికి చేర్చాలి.